గడియమీది పరిమళము

ధ్యానమునకు: 2 సమూయేలు 13, 14 అధ్యాయములు, 18:33, పరమగీతము 5:2–6, యోహాను 21:15–17



ముండ్లమూరు చుట్టుప్రక్కల గ్రామములలో మిరపకోతలు ముగిసి కల్లములు ఖాళీ అయిన పిమ్మట జనులకు కొంచెము తీరిక దొరకును. గడచిన సంవత్సరము ఆ తీరిక దినములలో, ఆదివార ఆరాధన ముగిసిన తరువాత, గుడి వెనుకనున్న వేపచెట్టు క్రింద మేము కొందరము కూడి పాత పద్యములు చదువుకొనుట మొదలుపెట్టితిమి. ఈ తలంపు మాది కాదు. మా సంఘములో ఉద్యోగ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుడొకాయన యున్నాడు. ఆయన ఒకనాడు మాతో, "అయ్యగారూ, వాక్యం చదవతన్నాం, కీర్తనలు పాడతన్నాం, బాగానే ఉంది. మన పెద్దోళ్లు మన భాషలో ఏం రాశారో మాత్రం ఈ పిల్లకాయలకి తెలియకుండా పోతాంది" అనెను. సరేయంటిమి.

అందరును సరేయనలేదు. ప్రార్థనలో ఎన్నడును వెనుకంజ వేయని ఒక తల్లి మమ్మును ప్రక్కకు పిలిచి, "ప్రేమ పద్యాలు గుడి చెట్టుకింద చదివేది ఏందయ్యా?" అని సూటిగా అడిగెను. ఆమె ప్రశ్న తీసివేయదగినది కాదు. గనుక మేము ఆమెకు మూడు సంగతులు జ్ఞాపకము చేసితిమి. పౌలు ఏథెన్సులో నిలిచి మాటలాడినప్పుడు ఆ దేశపు కవులు చెప్పినదానినే ఎత్తుకొనెను. సౌలును యోనాతానును చనిపోయినప్పుడు దావీదు అంగలార్పు గీతము కట్టి, దానిని యూదావారికి నేర్పవలెనని ఆజ్ఞాపించెను. అది యాషారు గ్రంథములో వ్రాయబడియున్నదని సమూయేలు గ్రంథమే చెప్పుచున్నది. మరియు మన బైబిలు నడుమనే పరమగీతమున్నది. ఎనిమిది అధ్యాయములు, ఆద్యంతము ప్రేమయే. ఆ తల్లి కొంతసేపు ఆలోచించి, "అయితే ముందు అది చదవండి" అని వెళ్లిపోయెను. ఆమె మాట మేము వినలేదు. వినియుంటిమేని ఈ వ్యాసము మరియొక విధముగా నుండెడిది.

మొదటి వారములలో ఉపాధ్యాయుడు గాథాసప్తశతిని గూర్చి చెప్పెను. శాతవాహన రాజైన హాలుని పేరుమీద నిలిచిన ఆ ప్రాకృత పద్యములు ఏడువందలు. రెండే పాదములు, ఒక్క చిన్న సంగతి. అలిగి మొగము త్రిప్పుకొని, భర్త దూరదేశము పోయిన తరువాత ఆ అలుకను తలంచుకొని కుములు స్త్రీలు వాటిలో అనేకులు కనబడుదురు. శ్రీనాథుడు తన యౌవనములో ఆ గ్రంథమును తెలుగు చేసినట్లు తానే చెప్పుకొనెను గాని అది నేడు మనకు పూర్తిగా దొరకుట లేదు. మన అద్దంకి నుండి ఏలిన రెడ్డిరాజుల వంశమువారు కొండవీటికి తరలిన పిమ్మట, వారి ఆస్థానమున విద్యాధికారియై యుండిన కవి ఆయన. ఎంత భోగమనుభవించెనో చివరిదినములలో అంత దారిద్ర్యము చూచెనని చెప్పుదురు. వినుటకు ఇంపుగా నుండెను. అందరము విని, టీ త్రాగి, ఇండ్లకు పోవుచుంటిమి.

నాలుగవ వారము ఉపాధ్యాయుడు జాషువ వ్రాసిన ఫిరదౌసిని తెచ్చెను.

గుఱ్ఱము జాషువ మనకు ఉత్తరముననున్న వినుకొండలో 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన పుట్టెను. క్రైస్తవ గృహములో పెరిగి, కులము పేరిట లోకము పెట్టిన హింసను నెత్తినెత్తుకొని, పద్యమును విడువక పట్టుకొనిన మనుష్యుడు. 1941లో వచ్చిన గబ్బిలమును అనేకులెరుగుదురు. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. ఫిరదౌసి అంతకు చాల ముందు, 1932 నాటిది. కథ పారసీక దేశపుది. గజనీ సుల్తాను మహమూదు తన కవితో, పద్యమునకొక బంగారు నాణెము చొప్పున ఇత్తునని మాటయిచ్చెను. కవి ముప్పది యేండ్లు కన్నులు కాయలు కాచునట్లు వ్రాసి, అరువదివేల పద్యముల షానామాను ముగించెను. అది ముగిసినది 1010వ సంవత్సరమందు. సుల్తాను బంగారమునకు మారుగా వెండి పంపెను. కవి హృదయము విరిగెను. ఏండ్లు గడచిన పిమ్మట సుల్తాను పశ్చాత్తాపపడి బంగారము పంపగా, పాత పారసీక కథలో చెప్పినట్లు, ఆ ధనము నగరపు ఒక ద్వారమున లోపలికి వచ్చుచుండగా కవి శవము మరియొక ద్వారమున వెలుపలికి పోవుచుండెను. కుమార్తె ఆ ధనమును ముట్టలేదు. ఈ కథ కవి చనిపోయి నూరేండ్లకు పైగా గడచిన తరువాత వ్రాయబడినది గనుక ఎంతవరకు జరిగినదో చరిత్రకారులు సందేహింతురు. అయినను వేపచెట్టు క్రింద ఆ దినమున ఎవరును సందేహింపలేదు.

చదువు ముగిసిన తరువాత, వెనుకవరుసలో కూర్చుండిన మిరపరైతు ఒకాయన తువ్వాలుతో మొగము తుడుచుకొనుచు లేచెను. ఏబదియేండ్ల వాడు, పొలము పోగొట్టుకొన్న యేడు కూడ మేమాయన కన్నీరు చూడలేదు. అందరు వెళ్లినదాక నిలిచి, మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆ రాజుకి బంగారం లేకనా? ఉంది గదా. పంపించేదానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది?" అని అడిగెను.

తరువాత సంగతి మెల్లగా బయటపడెను. ఆయన తమ్ముడు హైదరాబాదులో కట్టడపు పనికి పోయి అక్కడనే యుండిపోయెను. కుమార్తె వివాహపు విషయమై అన్నదమ్ములకు మాట పట్టింపు వచ్చి ఆరేండ్లాయెను. తప్పు ఎవరిదని మేమడుగలేదు. "తప్పు నాదేలే" అని ఆయనే చెప్పెను.

మేము బోధకులము. ఎవరైనను కన్నీళ్లతో మా ముందర నిలిచినప్పుడు మాకు వాక్యము ధారాళముగా వచ్చును. ఆ సాయంకాలము అబ్షాలోము సంగతి ఆయనకు విప్పి చెప్పితిమి. అది యిక్కడను వ్రాయుచున్నాము, ఏలయనగా అందులో మనము సాధారణముగా చదువని భాగమొకటి యున్నది.

దావీదు గుమ్మమునకు పైగా నున్న గదికి ఎక్కిపోవుచు ఏడ్చిన యేడ్పు మనమందరమెరిగినదే. 18వ అధ్యాయము 33వ వచనములో అయిదు మారులు కుమారుడా అని, మూడు మారులు అబ్షాలోమా అని పిలిచెను. అంతకంటె పొట్టిదియు అంతకంటె బరువైనదియునగు విలాపము లోక సాహిత్యములో ఎక్కడనున్నదో మాకు తెలియదు. సమాధి ప్రసంగములలో మేమే దానిని ఎన్నిమారులు చదివితిమో లెక్కలేదు. అయితే నాలుగు అధ్యాయములు వెనుకకు పొండి. అబ్షాలోము అమ్నోనును చంపి గెషూరుకు పారిపోయి మూడేండ్లుండెను. ఆ మూడేండ్లు దావీదు ప్రాణము అతనికొరకు కొట్టుకొనుచునే యున్నదని వ్రాయబడెను. ప్రేమ లేక కాదు. తెకోవనుండి వచ్చిన జ్ఞానముగల స్త్రీ రాజు ఎదుట నిలిచి, మనము నేలను ఒలికిన నీటివంటివారము, ఎత్తుటకు రాదు. అయినను వెళ్లగొట్టబడినవాడు తనకు దూరము కాకుండునట్లు దేవుడు ఉపాయము చేయునని చెప్పెను. ఆ మాటకు రాజు కరిగెను, కుమారుని రప్పించెను. రప్పించి యేమి చేసెను? అతడు తన ఇంటికి పోవచ్చును, నా ముఖము మాత్రము చూడకూడదనెను.

రెండు నిండు సంవత్సరములు! ఒకే పట్టణము. గుడి నుండి బావికి పోవునంత దూరము కావచ్చును. తండ్రి కొలువులో పాటలు కట్టుచున్నాడు, కుమారుడు తన యింట కూర్చుండియున్నాడు. చివరకు ఆ కుమారుడు యోవాబు దృష్టిని ఆకర్షించుటకు అతని యవల చేనికి నిప్పు పెట్టించవలసి వచ్చెను. మన ఇండ్లలో పిల్లలు చేయు అల్లరి పనులను కొన్నింటిని మేము ఈ యవల చేనిని తలంచుకొనియే అర్థము చేసికొనుచుందుము. తరువాత దావీదు అతని ముద్దుపెట్టుకొనెను, నిజమే. ఆ ముద్దు రెండేండ్లు ముందుగా పెట్టియుండినయెడల తిరుగుబాటు రాకపోవునని లేఖనము చెప్పలేదు, మేమును చెప్పము. అంత సులువైన లెక్క కాదు. అయితే గుమ్మముమీది గదిలో ఏడ్చిన నోరు, ఆ రెండేండ్లు మూసికొనియుండిన నోరే.

ఇదంతయు ఆ రైతుతో చెప్పి, "పాత పద్యము చదివి ఏడ్చుట తేలిక. ఏడ్చినందున ఏదో చెల్లించితిమని మనస్సు తృప్తిపడును. సుల్తానుకొరకు మనము ఏడ్చుచుండగా మన బంగారము మన పెట్టెలోనే యుండును" అంటిమి. బాగుగా చెప్పితిమని మాకే తోచెను.

ఆయన అంతయు విని, "నిజమే అయ్యగారూ" అనెను. కొంచెము ఆగి, ఎగతాళి యేమియు లేకుండ, "మీకు అట్టాంటోళ్లు ఎవురూ లేరా?" అని అడిగెను.

మాకు ఒక అక్క యున్నది. మార్కాపురము ప్రక్కన ఒక పల్లెలో కాపురము. బావగారు బ్రతికియున్నంతకాలము పలకల పనిచేసిరి. మా తల్లి చిన్నతనమునే పోగా మమ్మును పెంచినది అక్కయే. మా తండ్రి మంచము పట్టినప్పుడు ఆయనను తన యింటికి తీసికొనిపోయినదియు ఆమెయే. రమ్మని రెండుమారులు కబురు పంపెను. మేము ఉజ్జీవ కూటములలో ప్రసంగములు ఒప్పుకొనియుంటిమి. కూటములు ముగిసిన పిమ్మట వత్తుమంటిమి. ముగియకముందే ఆయన ప్రభువునందు నిద్రించెను. భూస్థాపన దినమున అక్క అందరియెదుట, "ఊరందరికీ వాక్యం చెప్పేదానికి తీరికుంది, నాయన పిలిస్తే వచ్చేదానికి లేకపోయిందా?" అనెను. ఆ మాట సత్యము గనుక మేము ఓర్వలేకపోతిమి. "నాయన పొలముమీద కన్నుండి ఇంట పెట్టుకొంటివి" అంటిమి. అది అబద్ధమని అనుచున్నప్పుడే మాకు తెలియును. పదునొకండు సంవత్సరములు మేము ఆ గుమ్మము తొక్కలేదు. ఆ పదునొకండు సంవత్సరములలో క్షమాపణను గూర్చి ఎన్ని ప్రసంగములు చేసితిమో మా పుస్తకములు చూచినయెడల లెక్క తేలును. చూచుటకు మనస్సు రాలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక పరమగీతము తీసితిమి. ఆ తల్లి ముందు చదువుమన్నది అదే గదా. అయిదవ అధ్యాయము. మేము ఎప్పుడును దీనిని క్రీస్తు సంఘమను ఉపమానముగా చెప్పి దాటిపోవుచుంటిమి. ఆ రాత్రి మాత్రము ఉన్నదున్నట్లు చదివితిమి. ప్రియుడు రాత్రివేళ మంచుతో తడిసి వచ్చి తలుపు తట్టును. లోపలనున్నది ప్రేమించుచున్నదే. అయినను పైవస్త్రము తీసివేసితిని, మరల ఎట్లు ధరింతును? పాదములు కడుగుకొంటిని, మరల ఎట్లు మురికి చేసికొందును? అని తర్కించును. ఎంత చిన్న సాకులు! ద్వేషము కాదు, శత్రుత్వము కాదు, కాళ్లు కడుగుకొంటినన్నంతే. కూటములు ఒప్పుకొంటిమన్నంతే. తరువాత ఆమె లేచి గడియమీద చెయ్యివేయగా చేతికి పరిమళద్రవ్యము అంటును. కొందరు వ్యాఖ్యాతలు అది ఆమె చేతులది కాదు, అతడు తట్టిన చోట విడిచిపోయినదనిరి. మాకును అదియే సరియని తోచుచున్నది. తలుపు తీయును. అతడు వెళ్లిపోయియుండును.

యూదాయు పశ్చాత్తాపపడెను. ముప్పది వెండి నాణెములు తిరిగి తెచ్చెను, పుచ్చుకొనువారు లేకపోయిరి. పేతురును పశ్చాత్తాపపడి వెలుపలికి పోయి సంతాపముతో ఏడ్చెను. ఇద్దరి దుఃఖములో భేదమేమని అనేకులు అనేక విధముల చెప్పిరి. మాకు కనబడినది ఒక్కటే: పేతురు తాను ఎరుగననిన వాని ముఖము మరల చూచువరకు బ్రదికియుండెను. ప్రధానయాజకుని ముంగిట బొగ్గుల మంటయొద్ద ఎరుగననెను. సముద్రతీరమున మరియొక బొగ్గుల మంటయొద్ద ప్రభువు అతని నిలిపెను. మూడుమారులు ప్రశ్న వచ్చెను. చేసినదానికి విచారపడుచున్నావా అని కాదు, నన్ను ప్రేమించుచున్నావా అని. మూడవ మారు పేతురు వ్యసనపడెనని యోహాను దాచక వ్రాసెను. మన పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో గతించువరకు కట్టిన కీర్తనలలో పాపి తన నోటితో తానే మొఱ్ఱపెట్టుకొనుట ఉన్నది. అవి పాడునప్పుడు మా సంఘపు వృద్ధులు కన్నులు మూసికొందురు. మేము మాత్రము తరువాతి కీర్తన సంఖ్య చూచుకొనుచుందుము.

పాఠకులు మేము తెల్లవారినంతనే బయలుదేరితిమని తలంచుదురేమో. లేదు. ఒక వారము సంఘపు లెక్కలుండెను. ఒక వారము వివాహముండెను. ఎండలు ముదిరెను. ఈలోగా రైతు రెండుమారులు హైదరాబాదు పోయివచ్చెను. మొదటిమారు ఎట్లున్నదని అడుగగా, "పోయొచ్చా అయ్యగారూ. మా మరదలు మంచినీళ్లిచ్చింది. వాడు బయటికి రాలా. మళ్లా పోతా" అనెను. రెండవమారు, "వచ్చాడు. మాట్టాడలా. మళ్లా పోతా" అనెను. అంతకంటె ఏమియు చెప్పలేదు. మమ్మును ఏమియు అడుగలేదు కూడ. అడుగకుండుటయే మాకు భరింపరానిదాయెను.

చివరకు దర్శికి పోయి, అక్కడనుండి పొదిలి మీదుగా మార్కాపురము బస్సెక్కితిమి. దారి పొడుగునను చెప్పవలసిన మాటలను ప్రసంగమువలె వరుసలో పెట్టుకొనుచుంటిమి. వాకిట మేనకోడలు కనబడెను. మమ్మును చూచి, ముందు గుర్తుపట్టక, పిమ్మట పట్టి, "మామా, అమ్మకి రెండు నెలలప్పుడు పక్షవాతం వచ్చింది. మాట పోయింది. కుడిచెయ్యి లేదు" అనెను. రెండు నెలలు! వేపచెట్టు క్రింద ఆ రైతు మమ్మును అడిగిన దినమునకు ఆమెకు మాటయుండెను.

అక్క నులకమంచముమీద గోడకు ఆనుకొని కూర్చుండియుండెను. మేము పెట్టుకొనిన వరుసలో ఒక్క మాటయు నోటికి రాలేదు. "పొలం సంగతి అబద్ధమక్కా. నాకు తెలిసే అన్నాను. నాయన దగ్గరికి రాకపోవడం నాదే తప్పు" అని మాత్రము చెప్పితిమి. ఆమె మమ్మును చాలసేపు చూచెను. విన్నదనియే మేనకోడలు చెప్పినది. మాకు తెలియదు. ఆమె కన్నులలో కోపము లేకుండెను. క్షమించితినన్న మాటయు రాలేదు, రాజాలదు. ఆ మాటను మేమే ఆమె నోట పెట్టి తృప్తిపడుట న్యాయము కాదు.

మేనకోడలు అన్నము పెట్టెను. పెట్టుచు, "నీకు తెలియదులే మామా, ప్రతి క్రిస్మస్‌కీ అమ్మ అరిసెలు చేసి నీ పేరున ఓ డబ్బాలో తీసి అటకమీద పెట్టేది. ఎవుర్నీ తాకనిచ్చేది కాదు. సంక్రాంతి దాకా చూసి, అప్పుడు మాకు పంచేది. మొన్న క్రిస్మస్‌కి కూడా పెట్టింది" అనెను.

అటకమీద ఆ డబ్బా ఇంకను ఉన్నది. దింపి మూత తీయుమంటిమి. లోపల ఏమియు లేదు. నేతివాసన, బెల్లపు వాసన మాత్రము పోలేదు. మేము దానిని పట్టుకొని కూర్చుండియుండగా, అక్క తన ఎడమచేతితో, అన్నపు పళ్లెమును మెల్లమెల్లగా, మంచము అంచువరకు మా వైపునకు జరిపెను.